తోడుకోని పాలు

పెన్సిలిన్ మన వైపు ఎలా వచ్చిందో డాక్టర్లు రాస్తారు. అది పాలలో ఎన్నాళ్లు నిలుస్తుందో వడమాలపేటలో మా వంటింట్లో నేను చెంబులతో కొలిచాను. అందువల్ల ఒక మనిషి మీద పడిన నింద పోయింది. ఆ సంగతి ఇంకెవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రెండు మూడేళ్లకు మా ఆవుకు పొదుగు వాచింది. తిరుపతి నుంచి పశువుల డాక్టరు మూడు రోజులు వరసగా వచ్చి, వాచిన చన్నులోకి సన్నని గొట్టంతో ఆ కొత్త మందు ఎక్కించాడు. వాపు తీసింది. పాలు తెల్లగా వచ్చాయి. తోడు పెడితే మాత్రం తెల్లవారినా పాలు పాలలాగే ఉన్నాయి.

ఆ తోడు ఇచ్చింది పక్కింటి అత్త. మొగుడు పోయాక మజ్జిగ అమ్ముకుని బతుకుతోంది. దీపం పెట్టాక తోడు ఇవ్వకూడదని మా వైపు పట్టింపు. అమ్మ వీధిలోకి వచ్చి అరిచింది.

"దీపం పెట్టినాక తోడిచ్చినావు. నీ చెయ్యి తగిలే మా పాలు సచ్చినాయి మే!"

"అడిగింది నువ్వే గదా వదినా?"

"అడిగితే ఇచ్చేస్తావా?"

అందరూ నవ్వారు. మరునాటి నుంచి ఆమె మజ్జిగ కొనేవాళ్లు లేరు.

నా బడి చదువు అయిదో తరగతితో ఆగింది. తక్కినదంతా పుత్తూరు గ్రంథాలయంలో చదివిందే. పాలను పెరుగు చేసేవి కంటికి కనబడని సూక్ష్మజీవులని అక్కడే చదివాను. ఈ మందు చంపేదీ సూక్ష్మజీవులనే. పాలలోకి దిగితే తోడునూ అదే చంపదా? ఆ మాట తట్టగానే చెంబులు కడిగి పెట్టాను.

నాలుగు చన్నుల పాలు నాలుగు చెంబుల్లోకి విడివిడిగా పితికాను. కాచి, చల్లార్చి, అత్త దగ్గర తెచ్చిన తోడే సమంగా వేశాను. తెల్లవారి చూస్తే మూడు గట్టిగా పేరుకున్నాయి. మందు పడిన చన్ను పాలు నీళ్లలా ఊగాయి. రోజూ అలాగే పెట్టి చూశాను. ఆఖరి మందు వేసిన నాలుగో రోజుకు గానీ ఆ చన్ను పాలు తోడుకోలేదు.

డాక్టరుకు చెబితే ఆయన ముఖం పాలిపోయింది.

"నా పుస్తకాల్లో యాడా లేదబ్బా ఇది. అన్నాళ్లూ ఆ పాలు ఎవురు తాగినారు?"

మేమే.

అమ్మ చెంబులన్నీ వంచి చూసింది. పట్టపగలు, వీధంతా చూస్తుండగా, అత్త గడప ముందు నిలబడింది.

"ముంతెడు మజ్జిగ పొయ్యి మే."

"తాగు వదినా. మందు ఎక్కించింది నీ ఆవుకే, నా చేతికి కాదులే."

అమ్మ అక్కడే నిలబడి గటగటా తాగింది. సాయంత్రానికి అత్త కుండ ఖాళీ అయింది.

సాయం చేసినవాళ్ల పేర్లు రాసి దండం పెట్టాలనుకున్నాను. అత్త ఒప్పుకోలేదు. "పేరు రాస్తే మళ్లా ఎవురో ఒకరు ఆ మాటే తీస్తారు" అంది. అందుకని పేర్లు లేకుండానే డాక్టరుకు, పుస్తకం ఇంటికి ఇచ్చిన గ్రంథాలయం ఆయనకు, అమ్మకు, నింద మోస్తూ కూడా రోజూ తోడు ఇచ్చిన అత్తకు నా దండాలు.