వదిన లేత్ మిషన్ అద్దెకిచ్చిన వారం

నేను ఊరి బడిలో అయిదో తరగతి దాకానే చదివాను. అయినా మా షెడ్ల వీధిలోకి వచ్చిన, ఇనుమును తిప్పి చెక్కే మొదటి లేత్ మిషన్‌ను లారీ మీంచి దించింది నేనే. నలుగురు మనుషులు, ఆరు ఇనుప గొట్టాలు, ఒక గునపం. మిషన్ మీద గీత పడలేదు. చెప్పుకోకూడదు కానీ, ఆ షెడ్డుకు పునాది తవ్వింది కూడా ఈ చేతులే. అయితే ఇది రాస్తున్నది నా గురించి కాదు, మా వదిన గురించి.

అన్నయ్య పోయాక ఇరవై ఆరేళ్లు వదినే ఆ మిషన్ నడిపింది. "ఆడమనిషి తిప్పిన షాఫ్టు నిలుస్తుందా?" అని పిండిమర ఓనరు వేరే చోట చేయించుకున్నాడు. నెల తిరక్కుండా ఆ షాఫ్టు వణకడం మొదలుపెట్టింది. సంచిలో వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఆడమనిషికి ఇప్పుడు తీరిక లేదు, గురువారం రండి" అంది వదిన, తల ఎత్తకుండానే. ఆ తర్వాత ఆయన ఇంకో చోటికి వెళ్లలేదు.

పోయిన ఏడాది ఆమె కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా లేవదు. మిషన్ నాలుగు నెలలు ఆగిపోయింది. గ్రీజు పూసి, పాత దుప్పటి కప్పి, రోజూ పొద్దున వెళ్లి, ఇనుప ముక్కను బిగించి పట్టుకునే చక్కును ఎడమ చేత్తో ఒక చుట్టు తిప్పి వచ్చేది.

"అమ్మెయ్యమ్మా. ఇంకో ఏడాది ఉంటే పాత ఇనుము కింద పోతుంది" అంది కూతురు.

"నాలుగు నెలలుగా నేనూ ఖాళీగానే ఉన్నా. నన్నూ తూకానికి వెయ్యి."

"చూడు చిన్నాన్నా, ఎలా మాట్లాడుతుందో!"

నేను మధ్యలో దూరాను. "అమ్మొద్దు, మూలన పెట్టొద్దు. అద్దెకిద్దాం. మిషన్ తిరుగుతుంటేనే దానికి మంచిది."

"కొత్త చేతికి అది లొంగదయ్యా మరిదీ."

"అన్నయ్య చేతిలోంచి వచ్చి నీ చేతికి లొంగలేదా?"

"సరే, ముందు ఆ చేతి పని నేను చూడాలి" అంది వదిన. మనిషిని వెతికింది కూడా నేనే. గడ్డం టర్నరు, లేత్ పనిలో ఇరవై ఏళ్ల అనుభవం. అతను తిప్పిన ముక్క మీద వదిన గోరుతో గీరి చూసింది. "తొందర లేని చెయ్యి" అంది. సోమవారం తాళంచెవి ఇచ్చింది.

గురువారం పదకొండు గంటలకు నేను వాళ్లింట్లో కూర్చుని ఉన్నాను. వదిన బట్టలు మడత పెడుతోంది. కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది. వదిన ఎడమ చెయ్యి గోడ వైపు లేచింది, గాల్లో దేన్నో పట్టుకుని కిందికి లాగింది. అక్కడ ఉత్త గోడ తప్ప ఏమీ లేదు. తన చేతిని తనే చూసుకుంది.

"మరిదీ, మెయిన్ దించమని అతనికి చెప్పావా?"

"నువ్వు చెప్పలేదా?"

ఎవరమూ చెప్పలేదు. మామూలుగా కరెంటు పోతే మిషన్ స్టార్టరు దానంతటదే పడిపోయి ఆఫ్ అవుతుంది. మళ్లీ బటన్ నొక్కితేనే మోటారు తిరుగుతుంది. వోల్టేజీ తక్కువైన ఒక వేసవిలో అది మాటిమాటికీ పడిపోతుంటే, పడకుండా లోపల చెక్కముక్క దోపారు. దోపింది నేను. ఆ వేసవిలో ఒక్క పనీ ఆగలేదని పదిమందికి చెప్పుకున్నాను కూడా. అప్పటి నుంచి మా షెడ్డులో కరెంటు పోగానే గోడ మీద మిషన్‌కు విడిగా ఉన్న మెయిన్ పిడి కిందికి దించేయాలి. దించకపోతే కరెంటు వచ్చిన క్షణం మిషన్ దానంతటదే తిరుగుతుంది. కరెంటు లేనప్పుడు టర్నరు చేసే పనేమిటి? చక్కులో కొత్త ముక్క బిగించుకుంటాడు. రెండు చేతులూ అందులోనే ఉంటాయి.

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. చొక్కాతో పాటు మేకుకు తగిలించి ఉంటాడు.

"పద" అంది వదిన, చెప్పులు కూడా వేసుకోకుండా.

మూడు వీధులు. మా వైపు కరెంటు పోతే పది నిమిషాలు, ఒక్కోసారి అయిదే. టైలరు కొట్టు నిశ్శబ్దంగా ఉంది. పిండిమర ఆగి ఉంది. అది మోగిందంటే మేం ఆలస్యమైనట్టే. మలుపు దగ్గర బర్రుమని మోటారు శబ్దం. కరెంటు వచ్చేసిందనుకుని ఆగిపోయాను.

"జనరేటరయ్యా అది! నడువు!" అంది వదిన, నన్ను దాటిపోతూ.

షెడ్డు తలుపు తీసే ఉంది. గడ్డం టర్నరు మాకు వీపు పెట్టి వంగి ఉన్నాడు. ఎడమ చెయ్యి చక్కు దవడల మధ్య, కుడి చెయ్యి దాన్ని బిగించే తాళం మీద. నేను అరవబోయాను. అతను తిరిగి ఏంటని అడిగేలోపే కరెంటు రావచ్చు. వదిన నా మోచెయ్యి గిల్లి, అతని వెనక నుంచి గోడ దగ్గరికి వెళ్లి, పిడి పట్టుకుని దించేసింది.

టక్ మన్న శబ్దానికి అతను తిరిగాడు. "ఏంటమ్మా ఇది? కరెంటే లేదుగా!"

"చేతులు బయటికి తియ్యి నాయనా."

తీశాడు. గోడ అవతల వెల్డింగు కొట్టులో రేడియో పాట అందుకుంది. మా షెడ్డులో బల్బు వెలిగింది. మిషన్ కదల్లేదు.

నేను స్టార్టరు మూత విప్పి చెక్కముక్క చూపించాను. "దోపింది నేనే" అన్నాను. అతను దాన్ని చూశాడు, తన వేళ్లను చూసుకున్నాడు. స్టూలు మీద కూలబడ్డాడు.

"పెద్దాయనా, మీరు మిషన్ అద్దెకిచ్చారా, నా చేతులు అద్దెకి తీసుకున్నారా?"



"స్టార్టరు మార్చేదాకా మెయిన్ ఎక్కదు. ఆ ఖర్చు మా మరిదిది" అంది వదిన. "నువ్వు వెళ్లిపోతానన్నా నేనేమీ అనను."

అతను గడ్డం గోక్కున్నాడు. "మిషన్ మంచిదే. ఇంకేమేం ఉన్నాయో చెప్పండి దీనిలో."

"ఏమీ లేవు" అనేసి వదిన నాలుక కరుచుకుంది. "సోమవారం అడిగినా ఏమీ లేవనే అనేదాన్ని నాయనా. అడిగితే నాకు గుర్తు రావు. రేపు స్టార్టరు మార్చాక నేనొచ్చి తిప్పుతాను. నువ్వు మిషన్ని చూడకు. నా చెయ్యి ఎప్పుడు ఎటు పోతుందో చూడు."

మర్నాడు ఎలక్ట్రీషియన్ను దగ్గరుండి తీసుకొచ్చాను. అతను వెళ్లాక వదిన పట్టేసిన భుజంతోనే మిషన్ ముందు నిలబడింది. బెల్టు వేసే ముందు మోకాలితో దాని మూతను అదుముతుందని, ఇనుము చెక్కే టూలు వెనక్కి లాగేటప్పుడు పిడిని సగం చుట్టు ఎక్కువ తిప్పుతుందని ఆమెకే తెలియదు. అవి చూసి ఒక్కోటీ పైకి చెప్పింది గడ్డం టర్నరే. మధ్యాహ్నానికి అలాంటి అలవాట్లు తొమ్మిది తేలాయి.

"చాలా?" అంది వదిన, చెమట తుడుచుకుంటూ.

"రేపు కూడా రండమ్మా" అన్నాడతను.