శవపేటిక తిరగని మెట్లు

పంతొమ్మిదివందల ఇరవైరెండులో టర్కీ తీరాన స్మిర్నా పట్నం తగలబడినప్పుడు ఎనిమిదేళ్ళ సుల్తానా, తల్లి కొంగు పట్టుకుని ఓడెక్కి గ్రీసులోని కొక్కినియా పేటలో వచ్చి పడింది. ఆపైన యాభై ఏళ్ళు ఒకే వాకిలి, ఒకే కుళాయి, నాలుగు కాందిశీకుల కుటుంబాలకి కలిపి ఒకే మరుగుదొడ్డి. బొంతలు కుట్టే ప్రోద్రోమోస్‌ని ఆ వాకిట్లోనే పెళ్ళాడింది. అతనితో పాటు దూది ఏకింది, సూదులు గుచ్చుకుని వేళ్ళు కాయలు కాయించుకుంది. పిల్లలు కలగలేదు. వాకిట్లో పిల్లలంతా నా పిల్లలే కదా అనుకుంది. అలా అనుకోవడమే ఆమె చేసిన బుద్ధితక్కువ పని.

తర్వాత బిల్డరు వచ్చాడు. స్థలం నాకిస్తే ఆరంతస్తులు లేపి తలా ఒక ఫ్లాటు ఇస్తానన్నాడు. అబ్బో, ఏం బేరాలాడారో! బాత్‌రూం పలకలు గులాబీవా నీలంవా అని పది రోజులు కొట్టుకు చచ్చారు. మెట్ల మీద ఫ్రిజ్ పడుతుందా, బీరువా పడుతుందా అని టేపు పెట్టి మరీ కొలిచారు. శవపేటిక పడుతుందా అని మాత్రం ఒక్కడూ కొలవలేదు. కళ్ళముందు అన్ని చావులు చూసి వచ్చిన జనం! సుల్తానా కూడా కొలవలేదు. అది తలుచుకుంటే ఆమెకి తన మీద తనకే రోత.

పోయిన చలికాలంలో నాలుగో అంతస్తులో వీళ్ళ ఎదురు ఫ్లాటు ఫిలియో ముసలమ్మ పోయింది. పేటిక మెట్ల మలుపు తిరగలేదు. శవాన్ని దుప్పట్లో చుట్టి, నడుముకి తాడు కట్టి, లిఫ్టులో నిలబెట్టి దించారు. తలుపు సందులోంచి ప్రోద్రోమోస్ అదంతా చూశాడు.

"సుల్తానా, నన్నలా నిలబెట్టనివ్వకే. మా నాన్న ఏ గుంటలో పడ్డాడో కూడా తెలీదు. నేను మాత్రం పడుకునే వెళ్ళాలి, వీధి తలుపులోంచి."

"ముందు ఆ మందు మింగు. అప్పుడే ప్రయాణమా?" అంది గానీ, మనసులో ఒట్టు పెట్టుకుంది.

మే నెలలో డాక్టరు, వారం మించదన్నాడు. మర్నాడే థెమిస్ దిగాడు. బిల్డింగు పెత్తనం ఇప్పుడు అతనిదే. తల్లికి పాలు పడనప్పుడు సుల్తానా చెంచాతో గంజి పోసి బతికించిన పిల్లాడే.

"పిన్నీ, ఏమనుకోకు. మీటింగులో అందరం అనుకున్నాం. జరగరానిది జరిగితే ఇంట్లో ఉంచొద్దు. లిఫ్టులో దించి వెనక చెత్తడబ్బాల వైపు నుంచి తీసుకెళ్ళిపోవాలి. ముందు హాల్లో కొత్త పాలరాయి వేయించాం కదా, వచ్చేపోయేవాళ్ళు..."

"ఎవర్రా అందరూ?"

కాగితం చూపించాడు. పాత వాకిలి మొత్తం అందులో ఉంది, సంతకాలతో సహా.

"థూ! మీ పాలరాయి తగలెయ్య! ఆయన బొంతల కింద పడుకుని పెరిగారు కదరా మీరంతా! నీకు గంజి పోసిన చెయ్యి చూసుకుంటే అసహ్యమేస్తోంది. పో అవతలికి!"

పొద్దున్నే చేపల మార్కెట్‌కి వెళ్ళి ముగ్గురు మోతగాళ్ళని తెచ్చింది. చచ్చాక మెట్లు పట్టని మనిషిని బతికుండగానే కుర్చీలో కూర్చోబెట్టి నాలుగంతస్తులూ దింపించింది. ఆ మెరిసే పాలరాయి మీద, వీధి తలుపుకి ఎదురుగా పరుపు వేయించి పడుకోబెట్టింది.

బిల్డింగు జనం ముక్కులు మూసుకుని, గోడ పక్కన ఒదిగి ఒదిగి వెళ్ళారు.

"ఏంటీ కంపు?" అంది రెండో అంతస్తావిడ.

"కంపు ఆయనది కాదులే తల్లీ," అంది సుల్తానా.

మూడు రోజులు అక్కడే చాప పరుచుకుంది. మూడో రోజు మధ్యాహ్నం ప్రోద్రోమోస్ కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"తలుపెటుంది?"

"నీ కాళ్ళ దగ్గరే."

"ఊఁ," అన్నాడు. అంతే.

పేటిక వచ్చేసరికి మొత్తం జనం నల్లబట్టలేసుకుని దిగిపోయారు, కళ్ళు తుడుచుకుంటూ. సిగ్గూ శరం ఉండాలి మనిషన్నాక! మోతగాళ్ళు ముగ్గురే. నాలుగో మూల దగ్గరికి టై కట్టుకున్న థెమిస్ వచ్చి చెయ్యి వేశాడు.

"తియ్యి చెయ్యి."

"నలుగురు కావాలి కదా పిన్నీ. ఆడవాళ్ళు మొయ్యరు."

"తియ్యమన్నానా!"

తీశాడు. సుల్తానా నల్లరుమాలు బిగించి కట్టుకుని ఆ మూల కింద భుజం పెట్టింది. మనిషి పొట్టి. పేటిక అటు ఒరిగింది. మోతగాళ్ళు ముగ్గురూ మోకాళ్ళు వంచి ఆమె ఎత్తుకి దిగారు. అలాగే గడప దాటారు.