మధ్య కుర్చీ

ఎండ గోడల మీద నుంచి దిగిపోయాక విసితాసియోన్ రెండు కుర్చీలు వీధిలోకి తెస్తుంది. ఒకటి తనది, రెండోది తొమాసాది. పక్కింటి తొమాసా ఈ వసంతంలో పోయింది. ఆమె మేనకోడలు ఇల్లు ఖాళీ చేస్తూ ఆ గడ్డి అల్లిక కుర్చీని చెత్తడబ్బా పక్కన పెడితే, విసి ఎవరినీ అడక్కుండా ఎత్తుకొచ్చుకుంది.

వేసవి సాయంత్రాలు గుమ్మం ముందు కుర్చీ వేసుకుని చల్లగాలికి కూర్చోవడం ఈ జాలరిపేటలో అందరూ చేసిన పనే. ఒకప్పుడు ఈ ఇరుకు వీధిలో నడవాలంటే కుర్చీలూ మోకాళ్ళూ తప్పించుకుంటూ నడవాల్సి వచ్చేది. ఇప్పుడు కుర్చీ బయటికొచ్చే గుమ్మాలు రెండే. మిగతావన్నీ వారానికింత అని అద్దెకిచ్చే ఇళ్ళు. వాటి తలుపుల పక్కన అంకెలు నొక్కితే తెరుచుకునే తాళంచెవుల డబ్బాలు. చక్రాల పెట్టెలు రాళ్ళ మీద గడగడమంటూ వస్తాయి, గడగడమంటూ పోతాయి. వచ్చేటప్పుడు తెల్లగా ఉన్న మనుషులు పోయేటప్పుడు ఎర్రగా ఉంటారు. అంతే తేడా.

ఆ రెండో గుమ్మం ఎదురింటి ఎన్‌గ్రాసియాది. ఆమెకీ విసికీ మాటల్లేవు.

గొడవ చాలా పాతది. జూలైలో, జాలర్లని కాపాడే కార్మెన్ మాత పండక్కి, ఆమె విగ్రహాన్ని సముద్రం మీద ఊరేగించే భాగ్యం ఏ పడవదో చీట్లు తీసి తేలుస్తారు. ఆ ఏడు విసి మొగుడు ఒనోఫ్రె పడవకి కొత్త రంగు వేయించి, ఈసారి మాత నా పడవే ఎక్కుతుందని ఊరంతా చెప్పుకున్నాడు. చీటీ మాత్రం ఎన్‌గ్రాసియా మొగుడు బ్లాస్‌కి వచ్చింది. అంతకు ముందేడు కూడా అతనికే వచ్చింది. ఒనోఫ్రె ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు చేపల వేలం దగ్గర, జనం నిండుగా ఉండగా విసి అనేసింది, బ్లాస్ చీటీ మడతకి గుర్తు పెట్టుకున్నాడని. ఆమె చూసింది లేదు, ఎవరూ చెప్పిందీ లేదు. బ్లాస్ మళ్ళీ ఎప్పుడూ తన పేరు చీటీల్లో వేయనివ్వలేదు. తర్వాత మగవాళ్ళిద్దరూ పోయారు, పడవలు అమ్ముడుపోయాయి. ఆడవాళ్ళ మౌనం మిగిలింది.

మౌనం అన్నానని ఇద్దరూ నోరు మూసుకుని కూర్చున్నారనుకోవద్దు. తొమాసా ఉండగా రోజూ గంటలకొద్దీ మాట్లాడుకున్నారు. తొమాసాతో.

“తొమాసా, కొంతమంది చేపలు వేయిస్తుంటే వీధంతా పొగ. కిటికీ వేసుకోమని చెప్పు,” అనేది విసి.

“తొమాసా, ముక్కు అంత నాజూకైతే మఠంలో చేరమని చెప్పు ఆవిడగారిని.”

తొమాసా మధ్యలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరికి తొక్కలు ఒళ్ళో ఊసుకుంటూ అటు తిరిగి ఒక “విన్నావుగా”, ఇటు తిరిగి ఒక “విన్నావుగా” పారేసేది. ఆమె చేసిన పని అంతే. ఆమె పోయాక గానీ అదెంత పెద్ద పనో తెలియలేదు.

అంత్యక్రియలైన వారమంతా ఇద్దరూ కుర్చీలు వేసుకుని చెరో గోడనీ చూస్తూ కూర్చున్నారు. విసికి చెప్పాల్సిన మాటలు గొంతులోనే పులిసిపోతున్నాయి. ఆ తర్వాతే ఆమె తొమాసా కుర్చీ తెచ్చి పాత చోటే పెట్టింది. ఎందుకు పెట్టావంటే ఏం చెప్పేదో ఆమెకే తెలీదు. ఎన్‌గ్రాసియా దాన్ని చాలాసేపు చూసింది. చివరికి ఖాళీ కుర్చీకేసి అంది, “ఇవాళ చేపల కొట్లో మంచి నెత్తళ్ళు దొరకలేదు, తొమాసా.”

విసికి గుండెల మీద బరువు దిగినట్టయింది. “మిట్టమధ్యాహ్నం లేచి పోతే బాగున్నవి ఎవరు దాచిపెడతారు తొమాసా,” అంది.

ఆగస్టులో ఒక మనిషి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. విమ్ అనే డచ్చివాడు, భారీ శరీరం, కాలిపోయిన మెడ, పక్కింట్లో అద్దెకి దిగాడు. అడగను కూడా అడగలేదు. గడ్డి కిర్రుమంది. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి అటు తిరిగారు. వాడు నవ్వి, వచ్చీరాని మాటల్లో ఈ ఊళ్ళో చూడాల్సినవేమిటని అడిగాడు.

“కొండ మీద కోట,” అంది ఎన్‌గ్రాసియా.

“కోటలో మేకలు తప్ప ఏం లేవని చెప్పు నాయనా ఆవిడకి,” అంది విసి. “దీపస్తంభం అవతల చిన్న రేవుంది, అక్కడికి పో. నీళ్ళు అద్దంలా ఉంటాయి.”

“ఆ రేవులో రాళ్ళకి కాళ్ళు కోసుకుపోతాయని చెప్పు. ఈవిడ అక్కడికెళ్ళి ఎన్నేళ్ళయిందో కూడా అడుగు.”

విమ్ ఇద్దరికీ తల ఊపాడు. వాడికి అర్థమైంది బహుశా కోట, రేవు అనే రెండు మాటలే. తొమాసా అంతకంటే ఎక్కువ చేసిందీ లేదు. వాడు రోజూ వచ్చి కూర్చునేవాడు. ఒడ్డున రెల్లుపుల్లకి గుచ్చి కాల్చిన కవళ్ళ చేపలు తినమని ఒకరు, వేలంపాట చూడమని ఒకరు. ఆ పది రోజులూ విసి తలుపు వేసుకునేటప్పుడు తనలో తను నవ్వుకునేది.

విమ్ వెళ్ళిపోయే ముందు సాయంత్రం ఎన్‌గ్రాసియా వాడితో మామూలు గొంతుతో అంది, “తెలుసుకోవాలనుకునే వాళ్ళెవరైనా ఉంటే చెప్పు నాయనా. ఇల్లు అద్దె ఏజెంటుకి ఇచ్చేశాను. మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు. సోమవారం మా అబ్బాయి వచ్చి తీసుకుపోతాడు.”

విమ్ బొటనవేలు పైకెత్తి చాలా బాగుందన్నాడు.

విసి ఆ రాత్రి పడుకోలేదు. ఎన్‌గ్రాసియా పోతే ఈ వీధిలో తన పేరు తెలిసినవాళ్ళు ఎవరూ మిగలరు. పొద్దున్న రొట్టెల కొట్టువాడు కూడా ఆమెను ఇంగ్లీషులోనే పలకరిస్తున్నాడు.

మర్నాడు కుర్చీ మళ్ళీ ఖాళీ. విసి దానికేసి చూస్తూ అంది, “ఆమెను వెళ్ళొద్దని చెప్పు, తొమాసా.”

ఎన్‌గ్రాసియా విసనకర్ర ఆపింది. “ఎవరు వద్దంటున్నారో అడుగు, తొమాసా.”

చక్రాల పెట్టె ఒకటి వాళ్ళ మధ్య నుంచి పోయింది. అది మలుపు తిరిగేదాకా విసి ఆగింది. తర్వాత ఎదుటి మొహంలోకి చూసింది. అన్నేళ్ళుగా ఆ మొహాన్ని పక్కనుంచే చూసింది. ఎంత ముసలిదైపోయిందో ఇప్పుడు తెలిసింది.

“నేను,” అంది. “నేనే వద్దంటున్నాను, ఎన్‌గ్రాసియా. బ్లాస్ ఏ గుర్తూ పెట్టలేదు. నేను చూడలేదు. మా ఆయన ఏడుస్తుంటే చూడలేక నోటికొచ్చింది అన్నాను.”

ఎన్‌గ్రాసియా విసనకర్ర ముడిచింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“నువ్వు అన్నది వేలం దగ్గర, ఊరందరి ముందు,” అంది. “ఆ మాట విన్నవాళ్ళందరూ సమాధుల్లో ఉన్నారు, లేదా కొడుకుల దగ్గరున్నారు. ఇప్పుడు నా ఒక్కదాని చెవిలో ఊదితే బ్లాస్‌కి ఏం ఒరుగుతుంది? వినడానికి ఈ వీధిలో ఎవరున్నారే?”

విసి వీధి ఆ చివర నుంచి ఈ చివరకి చూసింది. మేడల మీద తడి తువ్వాళ్ళు, బీరు సీసాలు, ముక్కూమొహం తెలియని జనం. ఆమె కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. వీధి మధ్యకి వచ్చి నిలబడింది.

“వినండి,” అని అరిచింది. “బ్లాస్ చీట్లలో మోసం చేయలేదు. నేను అబద్ధం చెప్పాను. ఒనోఫ్రె పెళ్ళాన్ని, విసితాసియోన్‌ని చెబుతున్నాను.”

మేడ మీద ఒకమ్మాయి ఫోను ఎత్తి వీడియో తీసింది. ఇంకెవరో ఇది ఇక్కడి ఆచారమేమో అనుకుని చప్పట్లు కొట్టారు. విసికి చెవులు వేడెక్కాయి. అయినా కూర్చోలేదు.

“చివరి మేడ మీది వాళ్ళకి వినపడలేదు,” అంది ఎన్‌గ్రాసియా. కుర్చీతో కాదు, ఆమెతోనే.

విసి మళ్ళీ చెప్పింది, గొంతు చీలిపోయేలా. ఈసారి చప్పట్లు కొంచెం ఎక్కువగా వచ్చాయి.

ఎన్‌గ్రాసియా కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుంది.

“సంతకాలైపోయాయి, విసి,” అంది. “సోమవారం సామాను దింపడానికి ఇంకో మనిషి కావాలి. మా వాడికి నడుము నొప్పి.”

విసి వస్తానంది.