రివర్సు గేరులో గుట్ట

ఆ కారుకి ఎత్తంటే గిట్టదు. నలుగురెక్కితే ఫ్లైఓవరు మీదే మూలుగుతుంది. అందుకే కుట్టుమిషన్ల మెకానిక్ ఇంట్లో ఒక అలవాటు స్థిరపడిపోయింది. ఎత్తు రాగానే ఎవరూ చెప్పకుండానే అందరూ దిగి నడుస్తారు. అతనొక్కడే కారుని పైకి చేర్చి, ఇంజను ఆపకుండా వాళ్ళకోసం కాచుకుంటాడు. ఆపితే మళ్ళీ స్టార్టవుతుందని అతనికే నమ్మకం లేదు. కొన్ననాటినుంచీ దాని కార్బొరేటరు కడిగిందీ, ప్లగ్గులు గీకిందీ అతనే. పని ఎవరూ నేర్పలేదు. విప్పి చూసి నేర్చుకున్నాడు. ఈ మధ్య విప్పడానికి కూర్చుంటే నడుము లేవనివ్వడం లేదు.

ఆ ఉదయం వెనక సీట్లో అత్తగారు కాలు బారచాపుకుని కూర్చుంది. మోకాలి ఆపరేషను కుట్లు విప్పించాలి. అప్పటికే ఒక కుట్టు దగ్గర ఎర్రబడి రసి కారుతోంది. మధ్యాహ్నానికి డాక్టరు ఊరు దాటిపోతాడు. ఆసుపత్రేమో గుట్ట మీద.

అలవాటు ప్రకారం భార్య దిగింది. అత్తగారు దిగలేదు కదా. సగం ఎత్తులో ఫస్టు గేరు కొట్టుకుని కొట్టుకుని ఇంజను ఆగిపోయింది. క్లచ్చి కాలిన వాసన. భార్య పరుగున వచ్చి చక్రం కింద రాయి పెట్టింది.

“ఆటో పిలుద్దామండీ.”

“ఆటోలో కాలు ముడవాలి. ముడవకూడదన్నారుగా.”

“మీ బండికి నేను బరువైపోయాను, బాబూ,” అంది అత్తగారు.

“మీరు కాదత్తయ్యా. దానికి దాని ఒళ్ళే బరువు.”

స్టీరింగు మీద నుదురు ఆనించి గుర్తుచేసుకున్నాడు. గేరుబాక్సు విప్పిన రోజు పళ్ళచక్రాలు చేత్తో తిప్పి చూశాడు. ఈ కారుకి ఫస్టుకన్నా రివర్సుకే లాగే బలం ఎక్కువ. రాయి తీయించి, బ్రేకు మీద కిందిదాకా దింపాడు. అదృష్టం, ఇంజను మళ్ళీ అందుకుంది. కారు తిప్పి, గుట్టకి వీపు పెట్టి, రివర్సు వేశాడు.

కారు కదిలింది, ఏడుస్తూనే. అతను మెడ పూర్తిగా తిప్పి వెనకద్దంలోంచి చూస్తున్నాడు. అత్తా అల్లుళ్ళ ముఖాలు అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు.

“నన్నేం చూస్తారు, దారి చూడండి.”

“దారి మీ వెనకే ఉందత్తయ్యా. తల కాస్త వంచండి.”

స్కూటరు మీద పోతున్నవాడు నెమ్మదించాడు. “ఆసుపత్రి పైనుందన్నా!”

“తెలుసు. నువ్వు తప్పుకో,” అంది పక్కనే ఆయాసపడుతూ నడుస్తున్న భార్య.

పైకి చేరేసరికి బానెట్లోంచి ఆవిరి. డాక్టరు తన కారు తలుపు తీసి, ఎక్కబోతున్నాడు. ఆసుపత్రివాళ్ళు తెచ్చిన చక్రాల కుర్చీలో అత్తగార్ని చూసి, చేతిలో సంచీ మళ్ళీ లోపలికి పంపాడు.

మెకానిక్ సీట్లోనే ఉండిపోయాడు. క్లచ్చి పెడలు కాలికింద మెత్తగా జారిపోతోంది. ఆదివారమంతా కారుకిందే.

భార్య వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

“కుట్లు విప్పేశారు. చీము లేదట. వచ్చే వారం మళ్ళీ చూపించమన్నారు.”

అతను ఆమెవైపు తిరగబోయాడు. మెడ పట్టేసింది.