రాజదూతు ఆగిపోయిన శుక్రవారం

ఎనభై రెండో సంవత్సరం, ఆషాఢ మాసం, రెండో శుక్రవారం, పగలు పదిన్నర గంటలకు నా రాజదూతు మోటారు బండి బత్తలపల్లెకు మూడు మైళ్ల ఇవతల ఆగిపోయింది. నాకు గడియారం లేదు. అప్పటికి అక్షరాలు కూడా లేవు, అవి యాభై దాటినాక నేర్చుకున్నాను. టైము ఎట్లా తెలుసంటే, అనంతపురం పోయే పదిన్నర బస్సు అప్పుడే ఎదురొచ్చి నా మొహాన దుమ్ము కొట్టి పోయింది. మా దిక్కున టైముకు వచ్చేది ఆ బస్సు ఒక్కటే.

ఆ దినం సంగతి చెప్పాలంటే ఈ బండ్ల పిచ్చి నాకెక్కడ పట్టుకుందో ముందు చెప్పాలి.

డెబ్బై ఒకటిలోనో రెండులోనో మా ఊరికి కంకర రోడ్డు వేయడానికి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. ఆయనకు నల్ల బుల్లెట్టు ఉండేది. నాకు ఇరవై రెండేళ్లు, కంకర మోసే కూలి పనిలో ఉన్నాను. నెత్తిన గంప పెట్టుకుని, ఆ శబ్దం వినిపిస్తే నిలబడిపోయేవాణ్ణి. మేస్త్రీ తిట్టేవాడు. ఎద్దుల బండిలో కూచున్నవాడు రోజంతా ఎద్దుల తోకలు చూస్తూ పోతాడు. బుల్లెట్టు మీద కూచున్నవాడి ముందు దారి తప్ప ఏమీ లేదు. అది చూసినాక నాకు కుదురు పోయింది. అన్నం తింటూ కూడా లేచి వాకిట్లోకి పోయి చూసేవాణ్ణి. ఏం చూస్తున్నానో నాకే తెలీదు.

ముందు పాత సైకిలు ఒకటి సంపాదించాను. దాని మీద ధర్మవరం, పామిడి, ఎక్కడ సంత జరిగితే అక్కడికి. కొనేది లేదు, అమ్మేది లేదు. పోయి రావడమే పని. “నీ కాళ్లలో తేళ్లేమన్నా ఉండాయా?” అనేది నా భార్య. పెళ్లయిన మూడో నెలలోనే అనింది ఆ మాట.

తర్వాత కొన్నేళ్లకు అనంతపురం నుంచి పుట్టపర్తి పోయే టాక్సీ ఒకటి మా చేని పక్కన పంచరయింది. తెల్ల అంబాసిడరు. లోపలున్నవాళ్లు దిగి వేపచెట్టు నీడకు పోయారు. నేను జాకీ తిప్పాను, నట్లు విప్పాను, కడవతో నీళ్లు తెచ్చిచ్చాను. కూలి ఇవ్వబోతే వద్దన్నాను. డ్రైవరు సీట్లో ఒకసారి కూచుంటానన్నాను. స్టీరింగు ఎండకు కాలిపోతోంది, అయినా చేతులు తీయలేదు. డ్రైవరు చూసి చూసి, “ఏమప్పా, దిగు ఇంక. ఈడనే సంసారం పెడతావా?” అన్నాడు.

డెబ్బై తొమ్మిదిలో వాన మోసం చేసింది. విత్తిన శనక్కాయ భూమిలోనే మాడిపోయింది. మేత లేదు. ఇంట్లో రెండు జతల ఎద్దులుంటే ఒక జతను అమ్మేయమన్నాడు నాయన. వానలు పడినాక ఆ దుడ్లతో మళ్లీ ఒక జత తెచ్చుకోవాలని ఆయన ఆలోచన. నేను ఎద్దులను సంతకు తోలుకుపోయాను. తిరిగి వచ్చేటప్పుడు బత్తలపల్లెలో పశువుల ఆసుపత్రి కాంపౌండరు అమ్మకానికి పెట్టిన రాజదూతు మీద వచ్చాను. నాయనను అడగలేదు. అడిగితే వద్దంటాడని తెలుసు కాబట్టే అడగలేదు.

నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు చక్రాన్ని కాలితో తన్ని చూశాడు.

“ఇది పేడేస్తాదా?”

“యెయ్యదు నాయనా.”

“మరి చేనుకేం తోలుతావురా, పొగ తోలుతావా?”

పది దినాలు నాతో మాట్లాడలేదు. ఉగాది పండగనాడు అందరం అన్నాలకు కూచున్నప్పుడు, ఎవరూ అడక్కుండానే ఎత్తుకున్నాడు. “ఒక మాట చెప్తా, ఇను. ఇది ఏ పొద్దయినా సరే, చెడిపోయి నా ఎద్దుల బండెక్కి ఇంటికొచ్చిందంటే, ఆ పొద్దే దీన్ని అమ్మి జత తెస్తావు. తెచ్చి మడక పడతావు. ఇంగ తిరుగుళ్లు బంద్. ఒప్పుకుంటావా?”

“ఒప్పుకుంటా” అన్నాను.

ఒప్పుకున్నానే గాని, ఆ పొద్దు నుంచి బండి కొంచెం దగ్గినా నాకు ముద్ద దిగేది కాదు. మళ్లీ మడక పట్టి దున్నుతూ, చచ్చేదాకా ఆ చాళ్లలోనే పైకీ కిందికీ తిరగడం తలుచుకుంటే లేచి బండి దగ్గరికి పోయేవాణ్ణి. దినం విడిచి దినం ప్లగ్గు విప్పి తుడిచేవాణ్ణి. పెట్రోలులో ఆయిలు నేనే కొలిచి కలిపేవాణ్ణి, ఇంకొకర్ని పోయనిచ్చేవాణ్ణి కాదు. రెండేళ్లు అది నన్ను ఎక్కడా దించలేదు.

ఆ శుక్రవారం ధర్మవరం పోవాలి. అక్కడ ఒక చీరల సావుకారి దగ్గర పని కుదిరింది. పట్టునూలు తెచ్చి మా చుట్టుపక్క పల్లెల్లో మగ్గాలున్న ఇళ్లకు ఇవ్వడం, నేసిన చీరలు తిరిగి ఆయనకు చేర్చడం. తిరగడమే పనిగా దొరికింది నాకు. మొదటి దినం మధ్యాహ్నంలోపల రాకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటానని సావుకారి ముందే చెప్పాడు. రాహుకాలం పట్టేలోపల ఊరు దాటాలని నా భార్య తొందర పెట్టి పంపింది.

ఊరు దాటగానే తెల్లటి పొగ మొదలయింది. వెనక్కి చూస్తే దారి కనిపించలేదు. ఇంకో మైలు పోయినాక బండి దగ్గడం మొదలుపెట్టి, బస్సు నన్ను దాటిన చోట ఆగిపోయింది. ప్లగ్గు విప్పితే జిడ్డు. తుడిచి బిగించి తంతే పది గజాలు పోయి మళ్లీ ఆగింది. నాలుగుసార్లు అట్లాగే చేశాను. వేళ్లు కాలాయి. ఇంక తోయడం మొదలుపెట్టాను.

గొర్రెలు తోలుకుంటూ ఒకాయన ఎదురొచ్చాడు. “ఏమన్నా, అది నిన్ను మోసేది పోయి నువ్వే దాన్ని మోస్తాండావే” అన్నాడు. ఆయన ముక్కు ఎగబీల్చి, “ఆముదం వాసనొస్తాండాదే. ఈడ యాడన్నా బాలింత ఉండాదా?” అని చుట్టూ చూసి పోయాడు. వాసన నాకూ వస్తోంది గానీ, అది చేలల్లో ఆముదం చెట్లదనుకున్నాను.

అప్పుడు వెనక నుంచి గంటల చప్పుడు. మా ఎద్దులవే. నాయన ఎద్దులకు శనగ చెక్క తేవడానికి బత్తలపల్లెకు బండి కట్టుకుని వస్తున్నాడు. ఆయన నోరు తెరవక ముందే, “ఎక్కించను నాయనా” అన్నాను.

“ఎక్కించమని నేనన్నానా?”

బండి దిగాడు. నా పక్కన నడిచాడు. కొంచెం దూరం పోయినాక అడిగాడు.

“పొగ యా రంగుండాది?”

“తెల్లగా ఉండాది.”

“ఎండ జాస్తిగా ఉండాది, నీళ్లు తాగు” అని బుడ్డి ఇచ్చాడు. తర్వాత వెనక పక్కకు పోయి సీటు మీద రెండు చేతులూ ఆనించి తోయడం మొదలుపెట్టాడు. ఎద్దులు తోలేవాడు లేకుండానే మా వెనక నడిచి వచ్చాయి. ఊళ్లో నలుగురికీ చెప్పి నవ్వడానికే తోస్తున్నాడని నేననుకున్నాను. మూడు మైళ్లూ నేను అనుకున్నది అదే.

బత్తలపల్లె బస్టాండు పక్కన రేకుల షెడ్డులో ఒక సాయిబు మెకానిక్కు ఉండేవాడు. ట్యాంకు కింద పైపు ఊడదీసి సీసా పట్టాడు. పెట్రోలు రాలేదు. పసుప్పచ్చగా, చిక్కగా, తీగలాగా సాగింది. వేలితో ముట్టి వాసన చూసి నవ్వు పట్టలేకపోయాడు.

“ఏమప్పా, దీనికి తలంటు పోసిన మహాతల్లి యెవురు?”

పంచరు వేయించుకోవడానికి వచ్చినాయన ఒకడు, అతడూ నవ్వాడు.

“నేనే” అన్నాడు నాయన. “పొద్దున పోసినా. సోలెడు.”

మా ఇళ్లలో ఒక పద్ధతి. దూరం పోయే బండికి ఇరుసులో కందెన పెట్టేది ఇంటిపెద్ద. ఆముదంలో కాల్చిన గడ్డి బూడిద కలిపి పెడతారు. ఆ పని నాయన ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. నేను ఇంట్లో సద్ది కట్టించుకుంటున్నప్పుడు, దీనికి ఇరుసు ఎక్కడుందో వెతికాడట. కనిపించలేదు. మూత ఒకటి కనిపించింది. బూడిద వేస్తే దీని గొంతులో పట్టుకుంటుందేమోనని వట్టి ఆముదమే పోశాడట. ఇదంతా మెకానిక్కుకు నెమ్మదిగా చెప్పాడు, నా వైపు చూడకుండా.

నాకు ఒళ్లు మండింది. పొద్దు నడినెత్తికి వస్తోంది, సావుకారి ఇంకొకణ్ణి చూసుకుంటాడు, రెండేళ్ల జాగ్రత్త ఒక సోలతో పోయింది. “తెలీని దాంట్లో చెయ్యెందుకు పెట్టినావు? నాతో అమ్మించల్లనే గదా పోసినావు?” అన్నాను. నలుగురి ముందరే అన్నాను.

నాయన తన చేతుల వైపు చూసుకుని పంచెకు తుడుచుకున్నాడు.

“అమ్మించల్లంటే, దారిలోనే బండికెక్కించి ఇంటికి తోలుకపోయేటోన్ని గదరా” అన్నాడు.

మెకానిక్కు నవ్వు ఆపేశాడు. తల వంచుకుని ట్యాంకు దించాడు, పెట్రోలుతో కడిగాడు, ప్లగ్గును గరుకు కాగితంతో రుద్దాడు. నేను ఆయిలు కలిపిన కొత్త పెట్రోలు పోశాను. మూడో తన్నుకు అందుకుంది.

“పో ఇంక. మధ్యాన్నంలోపల చేరల్ల గదా” అన్నాడు నాయన.

నేను పోయాను. అంతే. దిగి ఒక మాట అనాల్సింది. బండి అందుకుంది, దారి ముందు ఉంది, ఇంక నా కాలు నిలవలేదు. అద్దం ఉన్నా చూసేవాణ్ణి కాదేమో, నా బండికి అద్దం కూడా లేదు. సావుకారి నూలు ఇచ్చాడు. అయిదేళ్లు ఆ పని చేశాను. దాని మీదే ఎనభై ఏడులో పాత జీపు తీసుకుని సర్వీసు తోలాను. జీపు వాకిట్లోకి వచ్చిన దినం నాయన దాని చుట్టూ తిరిగాడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని. ముట్టుకోలేదు, చక్రాన్ని తన్నలేదు. మా ఊరోళ్లు నలభై మంది అందులో ఎక్కి దిగారు గానీ, ఆయన బతికినన్నాళ్లూ ఎక్కలేదు. ఎక్కమని నేను అడిగింది కూడా రెండుసార్లే.

ఆ శుక్రవారం అక్కడున్నది నేను, మా నాయన, రేకుల షెడ్డు మెకానిక్కు, ట్యూబు చేతిలో పట్టుకుని మధ్యలో నవ్వినందుకు సిగ్గుపడి బయటికి పోయి నిలబడిన ఆ పంచరు మనిషి. దారిలో కలిసింది గొర్రెలాయన. ఇంటి దగ్గర నా భార్య. మా నాయన ఆముదం సోల పట్టుకుని బండి దగ్గర వంగి ఉండడం ఆమె చూసిందట, ఇరుసుకే కదా అని ఊరుకుందట. ఇంక మా రెండు ఎద్దులు, ఒకటి తెల్లది, ఒకటి కొమ్ము విరిగినది.