దీక్షా శిబిరంలో రాసిన కంపెనీ ప్లాను

ఆ రోజుల్లో నేను జనగామలో ఒక బోరు మోటార్ల కంపెనీకి మేనేజర్ని. మోటార్లు అమ్మేవాళ్లం, కాలిపోతే వైండింగ్ చేసి ఇచ్చేవాళ్లం. అప్పటి కరెంటు పుణ్యమా అని అమ్మిన ప్రతి మోటారూ ఏదో ఒకనాడు కాలి మా దగ్గరికే తిరిగొచ్చేది. దాంతో కంపెనీకి తీరిక అన్నమాటే తెలియదు. హెడ్డాఫీసు జనగామలో, బ్రాంచీలు మహబూబాబాద్‌లో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి. మూడు చోట్లా ఏ బేరింగు మార్చాలన్నా, ఏ రైతు మోటారు ముందు విప్పాలన్నా నాకు ఫోన్ చేసి అడగాల్సిందే. ఆ రూలు పెట్టింది నేనే. అందుకు నేను చాలా గర్వపడేవాణ్ని కూడా.

ఒకనాడు మా యజమాని నా టేబుల్ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన్ను ఊరంతా పటేల్ అనే పిలిచేది.

"భూపాలపల్లి బ్రాంచి ఎందుకు నడపాలె, ఎట్ల నడపాలె, నెలాఖరు కల్ల కాయితం మీద రాసియ్యి. లేకుంటే మూసేస్త" అన్నాడు.

మహబూబాబాద్ సంగతి ఎత్తలేదు. అక్కడ ఉన్నది ఆయన బామ్మర్ది.

భూపాలపల్లిలో హెడ్ మెకానిక్ మరిపెడ దగ్గరి తండా మనిషి. భార్యనూ ఇద్దరు ఆడపిల్లలనూ తెచ్చుకుని, పిల్లల్ని అక్కడి బడిలో వేశాడు. కబురు తెలిసి ఫోన్ చేశాడు. "మూసిన్రంటే మళ్ల తండాకే సారూ. పిల్లల సదువు బందైతది."

"మూయనియ్యనన్నా. నేను రాస్త" అని మాటిచ్చాను. మాట ఇవ్వడానికి అర నిమిషం పట్టింది. రాయడానికి మాత్రం రోజుకు పావుగంట కూడా దొరకలేదు.

మొదట నా గది తలుపు మీద 'లోపల ముఖ్యమైన పని జరుగుతున్నది' అని రాసి అంటించాను. ఆ ముఖ్యమైన పని ఏమిటో చూసిపోదామని రోజూ కంటే ఎక్కువమంది లోపలికొచ్చారు. మర్నాడు స్టోర్‌రూములో కాలిన మోటార్ల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మేనేజర్‌కు పానం బాగాలేదట అని పుకారు లేచి, మధ్యాహ్నానికల్లా ముగ్గురు కొబ్బరిబోండాలు తెచ్చారు. పోనీ, తెలంగాణ బంద్ రోజున షట్టర్ దించుకుని రాసుకుందామనుకున్నాను. బంద్ గదా, మేనేజర్ ఖాళీగా ఉంటడని రైతులు ఆ రోజే మోటార్లు ఎత్తుకొచ్చి వెనక తలుపు బాదారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు మా ఊళ్లో, చౌరస్తా పక్కన, తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షల శిబిరం నడుస్తున్నది. రోజుకొక వృత్తి వాళ్లు పొద్దున పదింటికి మెడలో దండలు వేసుకుని కూర్చుంటారు. సాయంత్రం అయిదింటికి ఎవరో పెద్దమనిషి నిమ్మరసం ఇచ్చి లేపుతాడు. మోటారు మెకానిక్‌ల వంతు వచ్చిన రోజు నేనూ వెళ్లి కూర్చున్నాను. పదిన్నరకు ఒక రైతు కాలిన మోటారును మోపెడ్ మీద కట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నా మెడలో దండ చూశాడు. దండం పెట్టి, మోటారుతో సహా వెనక్కి పోయాడు.

జీవితంలో మొదటిసారి నన్ను పని అడగడానికి ఒక మనిషి సిగ్గుపడ్డాడు. నేను ఫోన్ ఆపేసి, సంచీలోంచి నోటుబుక్కు తీశాను.

మర్నాడు దర్జీల వంతు. వెళ్లి వాళ్ల చివర కూర్చున్నాను. ఆ తర్వాత ఆటోడ్రైవర్లు, ఆ తర్వాత ఫొటోగ్రాఫర్లు. పెన్షనర్ల రోజున పక్కన కూర్చున్న తాత నన్ను ఎగాదిగా చూసి, "నువ్వెప్పుడు రిటైరైనవ్ బిడ్డా?" అని అడిగాడు. ఇంకా కాలేదన్నాను. "మరి జర తొందరగనే వచ్చినవ్" అన్నాడు. పేపర్లో రోజూ నా ఫొటో పడేది. మా ఆవిడ పేపర్ మడిచి, "నిన్న దర్జీవి, ఇయ్యాల ఆటోడ్రైవర్‌వి. రేపేందో ఇప్పుడే చెప్తే సుట్టాలకు చెప్పుకుంట" అనేది. పటేల్ ఒకసారి శిబిరం దాకా కోపంగా వచ్చి నోరు తెరిచాడు. ఎదురుగా కెమెరా కనబడేసరికి "జై తెలంగాణ" అని వెళ్లిపోయాడు.

నేను దొంగదీక్ష చేశానని అనుకోవద్దు. తెలంగాణ రావాలని అందరితో పాటు నాకూ ఉండేది, ఆకలి కూడా నిజంగానే అయ్యేది. అసలు ఆకలితోనే చిక్కొచ్చింది. పొద్దున రాసిన పేజీల్లో మూడు బ్రాంచీలూ చక్కగా నడిచేవి. నాలుగింటికి ఎదురు హోటల్లో మిర్చి బజ్జీల మూకుడు పొయ్యి మీదికెక్కేది. ఆ తర్వాత రాసిన పేజీల్లో నేను బామ్మర్ది బ్రాంచితో సహా అన్నీ మూసేసేవాణ్ని.

ఏడో రోజు శిబిరం నడిపే పెద్దాయన నా నోటుబుక్కు కేసి చూశాడు. వారం నుంచి నేను ఉపన్యాసం రాసుకుంటున్నానని ఆయన నమ్మకం. "ఇయ్యాల మన తమ్ముడు మాట్లాడుతడు" అని మైకు నా చేతిలో పెట్టాడు. ముందు రెండు వందలమంది దాకా ఉన్నారు. నాకు ఉపన్యాసం రాదు. ఏం చేయాలో తోచక చేతిలో ఉన్నదే చదివేశాను.

"భూపాలపల్లిని మూసేస్తమంటున్నరు!" అన్నాను.

"మూయనియ్యం!" అని జనం.

"భూపాలపల్లిల ఏం గావాల్నో భూపాలపల్లోళ్లకు తెల్వదా?"

"తెలుసు! తెలుసు!"

"ఎక్కడ్నో కూసున్నోని పర్మిషన్ కోసం ఇంకెన్నేండ్లు ఆగాలె?"

ఈలలు, చప్పట్లు, డప్పులు. ఒక ముసలవ్వ లేచొచ్చి నా తల నిమిరింది. పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. మైకు పట్టుకుని నేను మాత్రం కొయ్యబారిపోయాను. ఆ ఎక్కడ్నో కూసున్నోణ్ని నేనే. జనగామలో కూర్చుని, భూపాలపల్లిలో ఒక బేరింగు మార్చడానికి పర్మిషన్ ఇచ్చేది నేనే. నా పేజీల్లో అది రాసి ఉంది గాని, అందరూ కలిసి అరిచేదాకా నాకు వినబడలేదు.

నిమ్మరసం తాగి ఫోన్ తెరిచి, మెకానిక్‌కు చేశాను. "అన్నా, వారం నుంచి నా ఫోన్ బందే ఉన్నది గదా. ఎట్ల నడిచింది?"

ఆయన నొచ్చుకుంటూ చెప్పాడు. "ఏమనుకోకున్రి సారూ. రెండు దినాలు మీకు చేసి చూసినం. ఇంక మాకు తోచినట్టు మేమే చేసినం. వచ్చిన మోటార్లన్ని బాగు చేసిచ్చినం. రైతులు గూడ ఖుషిగనే పోయిన్రు."

"ఒక్కటి గూడ ఆగలేదా?"

"లేదు సారూ. మాఫ్ చెయ్యిన్రి."

ఆ సాయంత్రం ఇంట్లో కడుపునిండా తిని చివరి పేజీ రాశాను. భూపాలపల్లి బ్రాంచి నడవాలి. పెత్తనం హెడ్ మెకానిక్‌కే ఇవ్వాలి. జనగామ నుంచి పర్మిషన్లు ఆపాలి. అవి ఆపితే జనగామలో మేనేజర్‌కు పెద్దగా పని ఉండదు కాబట్టి ఆ పోస్టు అక్కర్లేదు. ఆఖరి వాక్యం రెండుసార్లు కొట్టేసి మూడోసారి ఉంచాను. అది నిజం, ఏం చేస్తాం.

పటేల్ కౌంటర్ దగ్గర నిలబడే అంతా చదివాడు. "మంచిగ రాసినవ్. ఇన్నేండ్లు ఎందుకు రాయలే?" అన్నాడు.

"టైం దొర్కలే పటేలా."

ప్రతి పేజీకీ తలూపుతూ వచ్చాడు. చివరి పేజీ దగ్గర ఆ తల కాస్త ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. "గిట్లనే చేద్దాం" అని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బయటికొచ్చి మెకానిక్‌కు కబురు చెప్పాను. బ్రాంచి ఉంటుంది, పెత్తనం నీదే, పిల్లల బడి మారక్కర్లేదు అన్నాను. ఆయన ఫోన్ పక్కకు పెట్టి ఇంట్లోవాళ్లకు వాళ్ల లంబాడీ భాషలో ఏదో చెప్పాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, ఆడపిల్లల కేకలు మాత్రం వినిపించాయి. వాటిని వింటూ నేనూ నవ్వాను. కాసేపటికి ఆయన మళ్లీ ఫోన్ అందుకున్నాడు.

"మరి మీరేడికి పోతరు సారూ?" అని అడిగాడు.

ఏడు రోజులు కూర్చుని కంపెనీలో అందరి గురించీ ఆలోచించాను. ఆ ఒక్క సంగతి ఆలోచించుకోలేదు.