వెనక సీట్లో పడుకున్న పిల్ల

దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాను. మా దగ్గర చదివే ఆడపిల్లలు హాస్టల్ మేడ మీద రాత్రిళ్లు ఎవరో నడుస్తున్నారని చెబితే, ముందు మీ హాస్టల్ సాంబారుకి భయపడండి, దయ్యం సంగతి తర్వాత చూద్దాం అనేదాన్ని. ఇప్పుడు అలా అనడం మానేశాను. నమ్మకం కుదిరి కాదు. నవ్వడానికి నోరు రావడం లేదు, అంతే.

ఇది జరిగింది రెండేళ్ల కిందట, కార్తీక మాసంలో. మేం కొత్తపేటలో ఉంటాం. మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది మాలాగా గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లు, సగం మంది నల్గొండ వాళ్లు. ఏడాదంతా నీళ్ల ట్యాంకర్ దగ్గరా పార్కింగ్ దగ్గరా పోట్లాడుకున్నా, కార్తీకంలో ఒక ఆదివారం మాత్రం పిల్లాజెల్లాతో కలిసి వనభోజనాలకు వెళ్తాం. ఇబ్రహీంపట్నం దాటాక ఒక మామిడి తోట ఉంది. అందులో ఎక్కడో ఒక ఉసిరి చెట్టు. తోటంతా నీడ ఉన్నా, ఉసిరి కింద తింటేనే పుణ్యం కాబట్టి అందరం ఆ చెట్టు కిందే ఇరుక్కుని కూర్చుంటాం.

ఆ ఏడాది మా చెల్లెలి కూతురు హాసినిని కూడా తీసుకెళ్లాను. దానికి అప్పుడు నాలుగేళ్లు. మా చెల్లి ఎల్బీ నగర్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఆ ఆదివారం తనకి డ్యూటీ పడింది. తను లేకుండా అంత దూరం పిల్లను పంపడానికి కాస్త వెనకాడింది. నేనే పట్టుబట్టాను. నా దగ్గరుంటే నీ దగ్గరున్నట్టే కదా అన్నాను.

తోటలో పిల్లలు తప్పిపోకుండా మా అసోసియేషన్ ట్రెజరర్ గారు ఒక ఉపాయం చేశారు. కోఠీ నుంచి ఎర్ర మంకీ క్యాపులు తెచ్చి పిల్లలందరికీ పంచారు. ఎంత దూరంలో ఉన్నా కనబడతారని ఆయన ఆలోచన. పైగా చలీ ఆగుతుంది. కాకపోతే ఫ్లాట్ల లెక్క ప్రకారం తెచ్చారు. హాసిని చుట్టంగా వచ్చిన పిల్ల, దానికి టోపీ లేదు.

అది ఊరుకుంటుందా? నాకేదీ ఎర్ర టోపీ అని ఒకటే ఏడుపు. మా అబ్బాయి నిఖిల్‌కి ఆరేళ్లు. ఇవ్వరా అంటే వాడు టోపీని రెండు చేతులతో పట్టుకుని పరుగెత్తాడు. రేపు దిల్‌సుఖ్‌నగర్‌లో కొనిపెడతానని హాసినికి సర్దిచెప్పి, నాలుగు ముద్దలు తినిపించి, ఆడుకోమని వదిలేశాను. తర్వాత తంబోలా మొదలైంది. నిజం చెప్పాలంటే ఆ మధ్యాహ్నమంతా నేను పిల్ల వైపు సరిగ్గా చూడలేదు. ఆటలో పడిపోయాను. చాలా రోజుల తర్వాత హాయిగా నవ్వుకున్న రోజు కూడా అదే. అది గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పొద్దు వాలేసరికి చలిగాలి మొదలైంది. బస్సు వాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. మా ఆయనకి నడుం నొప్పి, బస్సు ప్రయాణం పడదు. అందుకని మేం మా కారులో వెళ్లాం. బస్సు ఎక్కినవాళ్లను సెక్రటరీ యాదగిరి గారు లెక్కపెట్టి ఎక్కించారు. మా కారు లెక్క మాది.

మిగిలిన పులిహోర డబ్బా పట్టుకుని నేను కారు దగ్గరికి వచ్చేసరికి వెనక సీట్లో పిల్ల పడుకుని ఉంది. ముఖం సీటు వైపు తిప్పుకుని, మోకాళ్లు ముడుచుకుని, చెవుల మీదికి ఎర్ర మంకీ క్యాప్ లాక్కుని ఉంది. ఎవరో జాలిపడి టోపీ ఇచ్చారు, పాపం ఏడుపు తీరింది అనుకున్నాను. నా శాలువా తీసి కప్పాను. నిఖిల్ రెండో వైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఒక్కసారి ఆ ముఖం ఇటు తిప్పి చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు.

కాస్త దూరం వచ్చాక నిఖిల్ గొణగడం మొదలుపెట్టాడు. "అమ్మా, దీని కాళ్లు నాకు తగులుతున్నాయి. చల్లగా ఉన్నాయి."

చెల్లెల్రా, సర్దుకో అని వాణ్ని కసిరాను. మా ఆయన కూడా అద్దంలోంచి చూసి, పడుకున్న పిల్లను కదపకు అని మందలించి కిటికీ అద్దాలు పైకెత్తారు. నేను వెనక్కి చెయ్యి చాపి శాలువా కిందికి పోనిచ్చి ఆ పాదాలు రుద్దాను. చిన్న పాదాలు. అరికాళ్లకు మట్టి. నిజంగానే చల్లగా ఉన్నాయి. రుద్దుతుంటే వేళ్లు ముడుచుకుని నా అరచేతిని పట్టుకున్నట్టు చేశాయి. కంటికి కనబడింది భ్రమ అనొచ్చు. చేతికి తగిలినదాన్ని ఏమనాలో నాకు తెలియదు.

తుర్కయంజాల్ దాటాక యాదగిరి గారు ఫోన్ చేశారు. ఆయన వంట గిన్నెలు లెక్క చూసుకోవడానికి తోటలోనే ఆగిపోయారు. "మేడం, మీ చెల్లె బిడ్డ ఈడనే ఉన్నది. షామియానా బట్టల మీద పండుకున్నది. జర బండి వెనకకు మల్పుండ్రి" అన్నారు.

మా పిల్ల మా కారులోనే ఉందండీ, అది బస్సు వాళ్ల పిల్లయి ఉంటుంది, వాళ్లకి చెప్పండి అన్నాను. ఆయన ఇంకేదో అనబోతుంటే పెట్టేశాను. లెక్కపెట్టి ఎక్కించింది ఆయనే, పిల్లను మరిచింది ఆయనే అని మా ఆయనతో వేళాకోళం కూడా ఆడాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. నేను పిల్లను తోటలో వదిలేసి చంకలో ఉందనుకున్నాను.

గుర్రంగూడ దగ్గర ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి మాట్లాడింది యాదగిరి గారు కాదు.

"పెద్దమ్మా, నన్ను వదిలేసి వెళ్లిపోయావా?"

ఆ గొంతు నాకు తెలియదా? వెనక్కి తిరగడానికి కూడా ధైర్యం చాలలేదు. ముందుకే చూస్తూ మా ఆయనతో అన్నాను. "ఏవండీ, వెనకున్నది మన పిల్ల కాదు."

ఆ తర్వాత తిరిగి చూశాను. శాలువా సీటు మీద పరిచినట్టు ఉంది. దాని కింద ఎవరూ లేరు. టోపీ కూడా లేదు. నిఖిల్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తోట దగ్గర బయల్దేరాక కారు ఎక్కడా ఆగలేదు. అప్పటికీ నడుస్తూనే ఉంది.

మా ఆయన బండి పక్కకి ఆపారు. సీట్ల కింద చూశాం. అందులోకి పోయే వీల్లేదని తెలిసి కూడా డిక్కీ తీసి చూశాం. రోడ్డు మీద పోయేవాళ్లు ఏదో పోగొట్టుకున్నామనుకుని, ఏం పోయిందని ఆగి అడిగారు. బండి తిప్పుకుని వెళ్లాం.

మేం వెళ్లేసరికి హాసిని యాదగిరి గారి ఒళ్లో కూర్చుని ఉంది. నన్ను చూడగానే పరుగెత్తుకొస్తుందనుకున్నాను. రాలేదు. ముఖం తిప్పుకుని ఆయన భుజంలో దాచుకుంది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. యాదగిరి గారే నాకు ధైర్యం చెప్పారు. "పరేషాన్ కాకుండ్రి, బిడ్డ మంచిగనే ఉన్నది" అన్నారు. కారెక్కాక మాత్రం ఇంటికొచ్చేదాకా హాసిని నా కొంగు వదల్లేదు.

మర్నాడు ట్రెజరర్ గారిని అడిగాను. ఎక్కువ టోపీలు తేలేదన్నారు. పిల్లలందరి టోపీలూ వాళ్ల వాళ్ల దగ్గరే ఉన్నాయి. బస్సులో ఎవరి పిల్లా తగ్గలేదు. నేనూ మా ఆయనా తోట దాకా మళ్లీ వెళ్లి, కాపలా వాళ్లనీ చుట్టుపక్కల వాళ్లనీ వాకబు చేశాం. పిల్ల తప్పిపోయిందని గానీ, ఎప్పుడో ఏదో జరిగిందని గానీ ఎవరూ చెప్పలేదు. మా ఆయన ఇప్పుడు ఆ మాట ఎత్తనివ్వరు. ఎత్తితే లేచి వెళ్లిపోతారు. ఆయనా అద్దంలో చూశారు మరి.

చెల్లికి పిల్లను వదిలేసి వచ్చిన సంగతి చెప్పాను. కారులో పడుకున్న పిల్ల సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే తప్పు తప్పించుకోవడానికి కథ అల్లినట్టుంటుంది. చెల్లి గొడవ పెట్టుకోలేదు. "బయట ఎవరి దగ్గర వదిలినా భయపడేదాన్నక్కా. నీ దగ్గర కాబట్టి పంపాను" అంది. ఆ తర్వాత చాలాకాలం పిల్లను మా ఇంట్లో వదల్లేదు. ఇప్పుడు వదులుతోంది. కానీ గంటకోసారి ఫోన్ చేసి పిల్లతో మాట్లాడిస్తుంది. చేయమనే అంటాను నేను కూడా.

హాసిని అదంతా మరిచిపోయింది. దాని విషయంలో నా తప్పు ఏమిటో నాకు తెలుసు. జీవితాంతం జాగ్రత్తగా ఉండి దిద్దుకుంటాను. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది అది కాదు.

ఆ సంగతి జరిగిన కొన్నాళ్లకి నిఖిల్‌ని మెల్లిగా అడిగాను. నాన్నా, ఆ రోజు నీ పక్కన పడుకున్న పాప ఏమైందిరా అని. వాడు బొమ్మకి రంగులు వేసుకుంటూ తలెత్తకుండా చెప్పాడు.

"ఫస్ట్ ఫోన్ వచ్చినప్పుడు మా పిల్ల మా కారులోనే ఉందన్నావుగా, అప్పుడు నవ్వింది. తర్వాత మన పిల్ల కాదన్నావు. ఇంక లేదు."

వాడికి అప్పుడు ఆరేళ్లు. కల్పించి ఉండొచ్చు. నాకు ఇప్పటికీ ఏదీ అంతుపట్టలేదు. కానీ ఆ చల్లటి కాళ్లు నా చేతిలో కాస్త వెచ్చబడటం నాకు తెలుసు. ఎవరి పిల్లో, ఎక్కడ ఎక్కిందో, ఎవరూ చూడకుండా ఎంతసేపటి నుంచి చలిలో ఉందో తెలియదు. వదిలేసి వచ్చిన పిల్ల కోసం వెనక్కి వెళ్లగలిగాను. కాదన్న పిల్ల కోసం ఎక్కడికి వెళ్లాలి?